ముక్కున్న గద్దను చూడండి

నలభయ్యో ఏట గద్ద కొండెక్కి, ముక్కును రాతికేసి కొట్టి ఊడగొట్టుకుంటుందట. గోళ్లు పీక్కుంటుందట. కొత్తవి మొలిచాక మరో ముప్పై ఏళ్లు బతుకుతుందట. హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని పోటీపరీక్షల కోచింగ్ సెంటర్లలో ఈ కథ విననివాళ్లు అరుదు. కథతోపాటు తెల్లతల బాల్డ్ ఈగల్ బొమ్మ కూడా ఉంటుంది.

కథ శుద్ధ అబద్ధం. ముక్కు పోతే మాంసం చీల్చుకోలేక గద్ద ఆకలితో చస్తుంది. ముక్కూ గోళ్లూ రోజూ పెరుగుతూ, అరుగుతూనే ఉంటాయి. బాల్డ్ ఈగల్ ఆయుష్షు మామూలుగా 20, 30 ఏళ్లే. ప్రిలిమ్స్ కీలో ఒక్క బిట్టు తప్పొస్తే అభ్యంతరం పెట్టే మనవాళ్లు దీన్నెలా వదిలేశారో! పైగా ఒంటిని హింసించుకోమనే ఆ సలహా కూడా చెడ్డదే. నిద్ర మానేసి, ఒంటిపూట తిని, ఇంటికి ఫోన్ చేయడం ఆపేస్తేనే తపస్సు అనుకునేవాళ్లు ఇలాంటి కథల వల్లే తయారవుతారు.

నిజం గద్దను చూడాలంటే ఒక ఆదివారం ఎండ తగ్గకముందే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోంచి లేవండి. లుంబినీ పార్కులో బోటెక్కండి. 1992లో హుస్సేన్‌సాగర్ మధ్యన నిలబెట్టిన బుద్ధుడితో అందరూ సెల్ఫీలు దిగుతుంటే మీరు తలెత్తండి. తోక చివర చీలిన గోధుమరంగు పక్షులు మన గద్దలు. తల తెల్లగా, ఒళ్లు ఇటుకరంగులో ఉంటే గరుడపక్షి. బాల్డ్ ఈగల్ ఉత్తర అమెరికాది, ఇక్కడ దొరకదు.

ఒక్క గద్దనే ఎంచుకుని ఐదు నిమిషాలు చూడండి. రెక్కలు ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టండి. ఎండకు కాగిన నేల నుంచి వేడిగాలి లేస్తుంది. అందులో గద్ద చుట్లు తిరుగుతూ, తోకను చుక్కానిలా మెలితిప్పుతూ, దాదాపు రెక్క ఆడించకుండానే పైకి పోతుంది. నీళ్లమీద ఏదైనా తేలితే దిగి కాళ్లతో అందుకుని, ఎగురుతూనే తింటుంది. ఉత్తకాళ్లతో లేచిందా, మళ్లీ వేడిగాలి వెతుక్కుంటుంది.

మీ బుర్ర చురుగ్గా పనిచేసే రెండు గంటలేవో అలాగే వెతకండి. కొరకరాని సబ్జెక్టును అప్పుడు పెట్టుకోండి. కరెంట్ అఫైర్స్ తిరగేయడం నారాయణగూడలో బస్సు కోసం నిలబడ్డప్పుడైనా అవుతుంది.

బాల్డ్ ఈగల్ గురించి నిజమే కావాలంటే ఒకటుంది. దాని పిల్ల నిలువెల్లా గోధుమరంగే. తల పూర్తిగా తెల్లబడటానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. అంతదాకా చాలామంది దాన్ని వేరే పక్షి అనుకుంటారు. అశోక్‌నగర్‌లో మూడో ఏడు అద్దె కడుతున్నవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను.