ఖరీదైన వేప్ బ్రాండు నిలబడుతుందా?

ప్రశ్న: విజయవాడ బీసెంట్ రోడ్డులో విదేశీ వేప్ పరికరాల షాపు పెడదామంటున్నాడు మా బావమరిది. పేరున్న ఖరీదైన కంపెనీ కాబట్టి చౌక సరుకు పోటీని తట్టుకుంటుందంటాడు. పెట్టుబడి పెట్టమంటారా?
– ఓ పాఠకుడు, పటమట

జవాబు: వద్దండి. పోటీ సంగతి తర్వాత, ముందు చట్టం చూడండి. వేప్‌లతో సహా ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను 2019లోనే దేశమంతటా నిషేధించారు. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ ఉంచినా నేరమే. పక్కనే గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, కిళ్లీకొట్లో సిగరెట్లు దొరుకుతున్నాయి కదా అని మీ బావమరిది వాదించవచ్చు. వాదన బాగానే ఉంటుంది, బెయిలుకు మాత్రం పనికిరాదు.

ఇక బ్రాండు బలమంటారా, అమెరికాలో వేప్ కంపెనీ జూల్‌ను చూడండి. 2018లో సిగరెట్ల కంపెనీ ఆల్‌ట్రియా 1,280 కోట్ల డాలర్లు పోసి అందులో 35 శాతం వాటా కొంది, 2023లో వదిలించుకుంది. పిల్లలకు అలవాటు చేశారన్న కేసులు, ప్రభుత్వ ఆంక్షలు ఒకవైపు, చైనా నుంచి వచ్చిపడే, వాడి పారేసే రకాలు మరోవైపు జూల్‌ను దెబ్బతీశాయి. ఈ వ్యాపారంలో ఆదాయం నిలకడగా వచ్చేది మళ్లీ మళ్లీ కొనే, నికోటిన్ ద్రవం ఉండే కాట్రిడ్జ్‌ల మీద. వాడి పారేసే రకానికి కాట్రిడ్జే అక్కర్లేదు.