పొలం అమ్మకు, కథ తిరగరాయి

చోడవరం

అమ్మలూ,

నీ స్క్రిప్టు నిదానంగా చదివాను. మీ నాన్న వాటాకొచ్చిన చెరకు పొలం అమ్మి సినిమా తీస్తానంటున్నావని అక్క ఫోన్ చేసింది, నేను నచ్చజెప్పాలట. సినిమా మానెయ్యమని నా నోట రాదు. మన చోడవరం పిల్ల సొంతంగా కథ రాసుకుని తనే డైరెక్ట్ చేస్తానంటే నాకెంత సంబరమో నీకు తెలీదు. పొలం జోలికి మాత్రం పోవద్దు.

విశాఖలో డిస్ట్రిబ్యూటర్ల దగ్గర లెక్కలు రాసినవాణ్ణి కదా, ముందు ఆ లెక్కే చెబుతాను. టికెట్ డబ్బులో పన్ను పోవాలి, థియేటర్ అద్దె పోవాలి. బొమ్మ వేసినందుకు క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి వాళ్లకు కట్టాలి. పోస్టర్లు, డిస్ట్రిబ్యూటరు కమీషను పోగా మిగిలిన షేరే నిర్మాతది. పేరున్న హీరో లేని బొమ్మకు షేరు రాకపోగా అద్దెకు ఎదురు డబ్బు కట్టినవాళ్లను చూశాను. ఓటీటీ వాళ్లు కొంటారన్న మాటను సంతకం పడేదాకా జమలో రాయకు. పోయినా ఇల్లు నిలబడే డబ్బుతోనే మొదటి సినిమా తీయాలి. మీ అమ్మ బతుకు ఆ పొలం మీదే ఉంది.

నగేష్ కుకునూర్ 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీసింది అమెరికాలో ఇంజనీరుగా సంపాదించుకున్న డబ్బుతో. సుమారు 17 లక్షలు, 17 రోజుల షూటింగు. ‘కేరాఫ్ కంచరపాలెం’ నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు. వాళ్ల సినిమాల వెనక నెలనెలా జీతం తెచ్చే పని ఉంది. నువ్వూ ఉద్యోగం వదలకు. కన్నడంలో పవన్ కుమార్‌కి నిర్మాతలు దొరక్కపోతే వందమందికి పైగా తలా కొంత వేసుకున్నారు, 2013లో ‘లూసియా’ వచ్చింది. 1976లో ‘మంథన్’ కోసం గుజరాత్ పాల రైతులు 5 లక్షలమంది తలా 2 రూపాయలిచ్చారు. రైతులు వాటాలు వేసుకుని చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్న గోవాడ మనకు పక్కనే. వాటాలు అడగడానికి నామోషీ పడకు. కాకపోతే ప్రతి రూపాయికీ కాగితం ఉండాలి, వకీలు చూసిన కాగితం.

ఇక కథ సంగతి. నేను ఎక్కువ చెప్పదలచుకున్నది దీని గురించే.

నువ్వు ఎప్పుడూ తలిచే ‘కంచరపాలెం’ 2018 సెప్టెంబర్ 7న విడుదలైంది. వెంకటేష్ మహా ఆ పేటలోని మనుషులనే నిలబెట్టి తీశాడు, ఎనభైకి పైగా కొత్త ముఖాలు. నాలుగు వయసుల ప్రేమకథలు చూపించి, చివర్లో అవన్నీ ఒకే మనిషి బతుకని తెలిసేలా చేశాడు. థియేటర్లో జనమంతా కదిలిపోయిన ఆ చోటు కోసం అదనంగా ఒక్క రూపాయి పెట్టినట్టు నాకు కనబడదు. అది కాగితం మీదే పుట్టింది. పూర్తయిన బొమ్మ చేతిలో ఉంది గనకే సురేష్ ప్రొడక్షన్స్ దాన్ని జనంలోకి తెచ్చింది, రానా తన పేరు పెట్టాడు.

నీ స్క్రిప్టులో మొదట్లోనే చెరకు తోట తగలబడుతుంది, చవితి ఊరేగింపులో వేలమంది పరుగెడతారు. ఇవన్నీ తీయాలంటే పొలం అమ్మాలనే అనిపిస్తుంది మరి. రాత్రిపూట బెల్లం వండే పొయ్యి దగ్గర తండ్రీ కూతురూ మాట్లాడుకునే సీను మాత్రం ఒక్క పేజీలో తేల్చేశావు. నాకు గొంతు పట్టేసింది అక్కడే. ఫ్యాక్టరీకి తోలితే బిల్లు ఎప్పుడొస్తుందో తెలీదు, బెల్లం చేస్తే అనకాపల్లి మార్కెట్లో ఆ రోజు ధరెంతో తెలీదు. ఆ తండ్రి గుబులు నీకు ఇంట్లో తెలిసిందే. పాకం ముదరకముందే దించాలి, ఆ తొందరలోనే కూతురు ఊరు వదిలిపోతున్న సంగతి చెప్పాలి. దాన్ని పదిహేను పేజీలకు పెంచు. తోట మంట వాళ్ల ముఖాల మీద వెలుగుగా పడినా చాలు.

ఆ తండ్రి చేత పేపరు భాష మాట్లాడించావు, అది మార్చు. మన యాసను సినిమాలు చాలాకాలం నవ్వించడానికే వాడుకున్నాయి. నాకది ఇప్పటికీ మంటే. రావిశాస్త్రి కథలు మళ్లీ చదువు. పేదవాళ్ల ఆ మాటే ఎంత దుఃఖాన్ని మోస్తుందో చూడు. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది, సెలవు పెట్టి వెళ్లి కూర్చో.

తిరగరాశాక ఎవరికైనా చూపించేముందు హైదరాబాదులో రచయితల సంఘంలో నమోదు చేయించు. గోవాలో ఎన్‌ఎఫ్‌డీసీ వాళ్ల ఫిలిం బజార్‌లో స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ ఉంటుంది, దానికీ పంపు. ఈలోగా ఆ పొయ్యి సీనొక్కటీ చిన్న సినిమాగా తీయి. మన గానుగ ఉంది, వండేవాళ్లు ఒప్పుకుంటారు, రాత్రి భోజనాలు మీ అత్తయ్య చూసుకుంటుంది. కెమెరా అద్దె, లైట్ల అద్దె నేనిస్తాను. ఎంతవుతుందో లెక్క రాసి పంపు.

మీ మావయ్య