గాజు పెట్టెలో బాబు, ఊళ్లో బాలింత

సమస్య

నాకు 24 ఏళ్లు. ఇది తొలి కాన్పు. ఎనిమిదో నెల నడుస్తుండగా బీపీ బాగా పెరిగిపోయింది, కాళ్లూ మొహమూ వాచాయి. ఇద్దరికీ ప్రమాదమని గుంటూరులో ఒక ఆసుపత్రిలో 31 వారాలకే ఆపరేషన్ చేసి బాబును తీశారు. పుట్టినప్పుడు 1,300 గ్రాములు. ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఎన్ఐసీయూలో గాజు పెట్టెలో ఉన్నాడు. ఊపిరికి సాయపడే సీప్యాప్ మిషన్ నాలుగు రోజులు పెట్టి తీసేశారు. సన్నటి గొట్టంతో పూటకు 15 మి.లీ. పాలు పోస్తున్నారు.

నన్ను డిశ్చార్జి చేశాక ఊరికి తీసుకొచ్చేశారు. బాలింతకు గాలి తగలకూడదని మా అత్తయ్య గడప దాటనివ్వడం లేదు. మా ఆయనే రోజూ గంటన్నర ప్రయాణం చేసి వెళ్లి, ఫోన్లో వీడియో తీసుకొస్తారు. నేను బాబును చూసింది రెండుసార్లే. రెండోసారి నేనక్కడ ఉండగానే మిషన్ కూత పెట్టింది. వాడి మొహం నీలంగా మారింది. సిస్టర్ వచ్చి అరికాలి మీద వేలితో తట్టింది, మళ్లీ ఊపిరి తీశాడు. గుండెల మీద పడుకోబెట్టుకోమన్నారు గానీ నాకు చేతులు ఆడలేదు. నా ఉంగరం వాడి చేతికి గాజులా సరిపోతుంది, అంత సన్నం. లోపలికి వెళ్లాలంటే గాజులు తీయమంటారు. బాలింత చేతులు బోసిగా ఉండకూడదని ఇంట్లో అంటారు.

వచ్చిన చుట్టాలంతా ‘ఏడో నెల బిడ్డ దక్కుతాడు, ఎనిమిదో నెల బిడ్డ దక్కడు’ అంటున్నారు. పాలు చెంచాడే వస్తున్నాయని పిండి పారబోస్తున్నాను. సంక్రాంతికి ఇల్లంతా కడిగాను. దానివల్లే ఇలా అయిందా? సిస్టర్లే వాడికి తల్లులు, నేను చూసి రావడానికి వెళ్లే మనిషిని అనిపిస్తోంది.

– ఒక తల్లి, పల్నాడు జిల్లా

సలహా

చెల్లీ, ముందు ఆ నింద నీ మీంచి దించెయ్. కడుపుతో ఉన్నప్పుడు బీపీ ఇలా పెరగడానికి మూలం మావిలో ఉంటుంది. దానికి రక్తం అందించే నాళాలు తొలి నెలల్లోనే సరిగ్గా ఏర్పడకపోతే తర్వాత ఈ ముప్పు వస్తుంది. ఇల్లు కడిగితే రాదు, బిందె ఎత్తితే రాదు.

ఇక ఎనిమిదో నెల మాట. తరతరాలుగా వింటున్నదే, కానీ నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. 28 వారాల బిడ్డ కంటే 31 వారాల బిడ్డ ఊపిరితిత్తులు ఎక్కువ ముదిరి ఉంటాయి. నాలుగు రోజులకే సీప్యాప్ తీయగలిగారు కదా! చుట్టాలతో నువ్వు వాదించకు. గుమ్మంలోనే ఆ మాట ఆపే పని మీ ఆయనది.

నువ్వు విన్న కూత సంగతి చెబుతాను. నెలలు నిండని బిడ్డ మెదడుకు ఊపిరి నడిపే పని ఇంకా పూర్తిగా పట్టుబడదు. అందుకే మధ్యమధ్య మరిచిపోతాడు, అరికాలు తడితే గుర్తొస్తుంది. చాలామంది పిల్లల్లో కడుపులో గడిపిన వారాలతో కలిపి 36, 37 వారాలు వచ్చేసరికి ఇది తగ్గిపోతుంది.

రేపు పొద్దున్నే బయల్దేరు. తలకు గుడ్డ కట్టుకో, చెవుల్లో దూది పెట్టుకో, అత్తయ్య మనసూ కుదుటపడుతుంది. వీలైతే ఆవిణ్ణీ వెంట తీసుకెళ్లు. గాజుల సందుల్లో, ఉంగరం కింద క్రిములు దాక్కుంటాయని, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలని సిస్టర్ నోటితో వింటే ఆవిడే నీ గాజులు తీసి కొంగున ముడి వేసుకుంటుంది. తల్లులు ఉండేందుకు ఆసుపత్రిలో చోటుందేమో అడగండి. లేకపోతే దగ్గర్లో గది చూసుకోండి. పచ్చి కుట్లతో రోజూ ఆ ప్రయాణం నీకు వద్దు.

గుండెల మీద పెట్టుకోమన్నది నిన్ను ఓదార్చడానికి కాదు, అది వాడికి వైద్యం. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గర్ రే మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా ఐదు దేశాల్లో 1,800 గ్రాముల లోపు బిడ్డల మీద చేసిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. పరిస్థితి నిలకడపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి చేర్చిన బిడ్డల్లో మొదటి 28 రోజుల మరణాలు పాతిక శాతం తగ్గాయి. రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

ముందు బొత్తాములున్న నైటీ వేసుకెళ్లు. డైపర్, టోపీ, సాక్సులతో బాబును నీ రొమ్ముల మధ్య నిలువుగా బోర్లా ఆనిస్తారు. తల ఒక పక్కకు తిరిగి, గడ్డం కాస్త పైకి ఉండాలి. మీద గుడ్డతో కట్టేస్తారు. కూర్చుంటే గంటకు తక్కువ కాకుండా కూర్చో. నువ్వు అలసినప్పుడు మీ ఆయన చొక్కా విప్పి కూర్చోవచ్చు, ఆయన ఒంటి వెచ్చదనమూ పనిచేస్తుంది. పెట్టెలో ఉన్నప్పుడు నిమరకు, ఆ చర్మం తట్టుకోలేదు. ఒక అరచెయ్యి తల మీద, ఒకటి పాదాల దగ్గర కదలకుండా ఉంచు.

పాలు ఒక్క చుక్క కూడా పారబోయకు. చెంచాడంటే 5 మి.లీ., అంటే వాడి పూటలో మూడో వంతు! ఆ పాలు వాడి లేత పేగులకు రక్ష. పొడిపాల కంటే తల్లిపాల మీద ఉన్న పిల్లల్లో పేగులు పుండ్లుపడి కుళ్లే జబ్బు తక్కువ. రాత్రి కూడా వదలకుండా రోజుకు ఎనిమిదిసార్లు పిండు. బాబు నీ గుండెల మీద పడుకుని లేచాక పిండి చూడు, తేడా నీకే తెలుస్తుంది. అప్పటిదాకా చాలకపోతే దాత తల్లుల పాలు దొరుకుతాయేమో డాక్టర్ని అడుగు. ముంబై సయన్ ఆసుపత్రిలో 1989 నుంచి, హైదరాబాద్ నీలోఫర్‌లో 2017 నుంచి తల్లిపాల బ్యాంకులు ఉన్నాయి.

ఒక తేదీ మాత్రం గోడ మీద రాసిపెట్టుకో. పుట్టిన 30 రోజుల్లోపు బాబు కంటి రెటీనా పరీక్ష జరిగి తీరాలి. ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది, వేళకు పట్టుకుంటే వైద్యం ఉంది. ఇంటికి పంపేలోపు వినికిడి పరీక్ష సంగతీ అడుగు.

నీ బీపీ కూడా చూపించుకో. తలనొప్పి, కళ్లు మసకలు వస్తే ఆగకు. ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బతకాలని లేదనిపించినా వెంటనే డాక్టరుకు చెప్పు. మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

సిస్టర్లకు డ్యూటీలు మారతాయి. కడుపులో వాడు అన్నిటికంటే ఎక్కువగా విన్న గొంతు నీదే. పెట్టె పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడు. ఉంగరం తీసి మీ ఆయన చేతికిచ్చి, వాడి గుప్పిట్లో నీ వేలు పెట్టు. ఎలా పట్టుకున్నాడో నాకు మళ్లీ రాయి. ఎదురుచూస్తుంటాను.