గాజుతొట్టిలోని కొలను

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో చెరువే ఊరికి ప్రాణము. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించెనని అచ్చటి శాసనము చెప్పుచున్నది. భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము వద్దనున్న గణపసముద్రము కూడ ఆ కాలపు తటాకమే. ఇట్టి చెరువులలో పశువులు దిగును, ఆకులు రాలును, చేపలు పుట్టి గిట్టుచుండును. అయినను నీరు ఏండ్ల తరబడి జీవులకు ఆధారమై నిలుచుచున్నది. గాజుపాత్రలో రెండు చేపలను వేసి ఉంచినచో ఆ నీరు కొలది దినములకే చెడి చేపలు చచ్చును. ఈ భేదమునకు కారణమేమి?

చెరువులో చేపలతోపాటు మొక్కలును ఉన్నవి. 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు నీట మునిగిన ఆకులు ఎండలో నుండగా వాటినుండి బుడగలు లేచుటయు, చీకటిలో అవి ఆగిపోవుటయు గమనించెను. ఆ బుడగలలో ఉన్నది ప్రాణవాయువు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనవేత్త తన ప్రయోగమును వెల్లడించెను. ఆయన ఒక పాత్రలో బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. కొంతకాలమునకు కుళ్లిన ఆకులవలన నీరు మసకబారగా, ఆ కుళ్లును తిను నత్తలను చేర్చెను. నీరు తేటపడెను. చేప విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించును; మొక్క విడుచు ప్రాణవాయువును చేప పీల్చును. ఈ పరస్పర సహాయమే గాజుతొట్టికి మూలసూత్రము. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో జనులు చూచుటకై తొలి మత్స్యశాల తెరవబడెను.

మీరును ఇట్టి చిన్న కొలనును ఏర్పరుచుకొనవచ్చును. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల తొట్టిలో సుమారు ఏబది లీటర్ల నీరు పట్టును. ఆ నీటి బరువే ఏబది కిలోలు. కావున గట్టి బల్లపై దానిని నిలుపవలెను. వాగులోని ముతక ఇసుకను, కడిగిన నీరు తేటగా వచ్చువరకు కడిగి, రెండంగుళముల మందమున పరువవలెను. నీరు పోయునపుడు ఇసుకపై ఒక పళ్లెము నుంచి దానిపై పోసినచో ఇసుక చెదరదు. కుళాయినీటిలో క్లోరిను ఉండును గనుక దానిని ఒక దినము వెడల్పు పాత్రలో తెరచి ఉంచి వాడవలెను. బోరునీరు పలుచోట్ల కఠినజలము. అయినను వాలిస్నేరియా, హైడ్రిల్లా అట్టి నీటిలోను పెరుగును. ప్రారంభకులకు ఇవియే తగినవి.

హైడ్రిల్లా మన చెరువులలో పెరుగు నాచుమొక్కయే. ఈతరాని బాలలు పెద్దల తోడులేక దానికై నీటిలో దిగరాదు. తెచ్చిన మొక్కను బాగుగ కడిగి, ఒక వారము వేరుపాత్రలో ఉంచవలెను. ఏలయన, తూనీగ పిల్లపురుగులు ఆకులలో దాగి వచ్చి చిన్న చేపలను తినును. వాలిస్నేరియాను నాటునపుడు వేళ్లు మాత్రమే ఇసుకలో నుండవలెను. ఆకులు పుట్టు మొదలు పూడినచో అది కుళ్లును. హైడ్రిల్లా కొమ్మలను నాలుగంగుళముల ముక్కలుగా త్రుంచి, క్రింది కణుపులను ఇసుకలో గ్రుచ్చిన చాలును. నాటిన కొలది దినములలో పాత ఆకులు రాలిన భయపడకుడు. మొదలు గట్టిగా నున్నచో క్రొత్త ఆకులు వచ్చును. మాటిమాటికి పెరికి చూచుట మొక్కను చంపుటయే.

మొక్కకు వెలుతురు ఆహారమునకు ఆధారము. దినమునకు ఎనిమిది గంటల వెలుతురు సామాన్యముగ చాలును. మధ్యాహ్నపుటెండ సూటిగా పడినచో నీరు వేడెక్కును. పచ్చని పాచి గాజునిండ ప్రాకి ఆకులను కప్పును. నీరు వేడెక్కినకొలది దానిలో కరగు ప్రాణవాయువు తగ్గును. అందువలన వేసవిలో తొట్టిని ఇంట చల్లనిచోట ఉంచవలెను. ఇంకొక విషయము: రాత్రివేళ మొక్కలును ప్రాణవాయువునే పీల్చును. తెల్లవారుజామున చేపలు పైకివచ్చి నోళ్లు తెరచుచున్నచో, ఆ చిన్న నీటిలో ప్రాణులు మితిమీరినవని తెలియవలెను.

చేపలను తొందరపడి వేయరాదు. వాటి మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. ఇసుకలో నివసించు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. మొక్కలు వీనిని ఎరువుగ గ్రహించును. ఆ సూక్ష్మజీవులు వృద్ధిపొందుటకు కొన్ని వారములు పట్టును. కావున మొక్కలు వేళ్లూనిన పిదప రెండు మూడు చిన్న చేపలతో ప్రారంభింపవలెను. రెండు నిమిషములలో తినగలిగినంత మేతయే వేయవలెను. వారమునకొకమారు నాలుగవవంతు నీటిని మార్చవలెను. తీసిన నీటిని పారబోయక తులసికో కూరమొక్కలకో పోసిన, అది మంచి ఎరువు.

మొక్క మాటలాడదు గాని ఆకులతో తన బాధను తెలుపును. ముదురాకులు పసుపెక్కినచో నత్రజని చాలలేదని అనుమానింపవచ్చును. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రము పచ్చగనున్నచో ఇనుము కొరత కావచ్చును. ఆకులపై పాచి పేరుకొన్నచో వెలుతురో మేతయో అధికమైనదని తలచి తగ్గింపవలెను.

తుదకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. మొక్కలు బాగుగ పెరిగిన తరువాత కత్తిరింపక తప్పదు. ఆ ముక్కలను చెరువులో గాని కాలువలో గాని ఎన్నడును పారవేయరాదు. మన చెరువులను కప్పివేయు గుర్రపుడెక్క ఈ దేశపుది కాదు. దక్షిణ అమెరికానుండి అందమైన పూలకొరకు దానిని లోకమంతట వ్యాపింపజేసిరి. అనుకూలమైన నీటిలో అది రెండువారములలో రెట్టింపు కాగలదు. అది కప్పిన నీటికి వెలుతురు అందదు, చేపలు నశించును, వలవేసి బ్రతుకు బెస్తల జీవనము చెడును. ఇట్లే మన హైడ్రిల్లా 1950 దశకమున గాజుతొట్టెల వర్తకమువలన అమెరికాలోని ఫ్లారిడాకు చేరి, అచ్చటి సరస్సులను నింపి తీరని బెడద అయినది. చిన్న కణుపు ముక్కనుండియే అది మొలకెత్తును. స్వదేశమున మేలైన మొక్కయే పరదేశమున కీడయ్యెను. కావున కత్తిరించిన ముక్కలను ఎండలో పూర్తిగ ఎండబెట్టి ఎరువుగుంటలో వేయవలెను. పెంచలేని చేపలను తెలిసినవారికి ఇచ్చివేయవలెను.

బాలలారా! పూర్వులు త్రవ్వించిన చెరువులను 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకమున పూడికతీసి బాగుచేసిరి. ప్రభుత్వము పూడిక తీయగలదు. పారవేయు చేతిని ఆపవలసినది మనమే. గాజుతొట్టిని చక్కగ కాపాడినవానికి చెరువును కాపాడు విద్యయు అలవడును.

ప్రశ్నలు

1. మొక్కలు, చేపలు ఒకదానికొకటి ఎట్లు తోడ్పడుచున్నవి?
2. వారింగ్టన్ నత్తలను ఎందులకు చేర్చెను?
3. అమ్మోనియా మొక్కలకు ఎరువగు విధమును వివరింపుము.
4. కత్తిరించిన మొక్కలను చెరువులో ఎందుకు పారవేయరాదు? మీ ఊరి చెరువును పెద్దలతో కలిసి పరిశీలించి, అందలి మొక్కలను గూర్చి పది పంక్తులు వ్రాయుము.