పిల్లి ఒంటి మీది గెంతే పురుగులు – ఇంటిని ఎలా కాపాడుకోవాలి?



కిందటి వానాకాలంలో మా పిల్లల వార్డుకు ఐదేళ్ళ బాబును తీసుకొచ్చారు. ఉదయం లేవగానే ముఖం ఉబ్బుతోందని, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోందని తల్లి చెప్పింది. మూత్రపిండాలకు వాపు వచ్చిందని పరీక్షల్లో తేలింది. బాబును తుడుస్తున్నప్పుడు మోకాళ్ళ కింద మానిన పుండ్ల మచ్చలు చూశాను. ఎప్పటివమ్మా అని అడిగితే, "నెల కిందట ఏవో పురుగులు కుట్టాయి సిస్టర్. గోకి గోకి చీము పట్టింది. వాటంతట అవే తగ్గిపోయాయి" అంది. ఆమె చీలమండల మీద కూడా ఎర్రటి దద్దుర్లు ఉన్నాయి. మీ ఇంట్లో పిల్లి ఈనిందా అని అడిగాను. "అటక మీద నాలుగు పిల్లల్ని పెట్టింది. మీకెలా తెలుసు?" అని ఆశ్చర్యపోయింది.

పురుగు కుట్టినంత మాత్రాన మూత్రపిండాలు చెడిపోవు. గోకినప్పుడు గోళ్ళలోని మురికి వల్ల పుండు పడుతుంది. ఆ పుండులో కొన్ని రకాల సూక్ష్మక్రిములు చేరితే, పుండు మానిన కొన్ని వారాలకు కొందరు పిల్లల్లో ఇలా మూత్రపిండాలు వాస్తాయి. అందుకే ఈ చిన్న పురుగు గురించి వివరంగా రాస్తున్నాను.

ఈ పురుగు ఏమిటి?

దీనిని ఇంగ్లీషులో 'ఫ్లీ' అంటారు. పాత తెలుగు పుస్తకాలలో 'మిన్నల్లి' అని కనిపిస్తుంది. చాలా చిన్నది, గోధుమ రంగులో ఉంటుంది, రెక్కలు ఉండవు. పక్కలకు నొక్కినట్టు సన్నగా ఉండడం వల్ల వెంట్రుకల మధ్య సులువుగా దూరుతుంది. పట్టుకోబోతే గెంతుతుంది. పేను వేరు, గోమారి వేరు, నల్లి వేరు. పిల్లి మీద ఉండే రకమే కుక్కల మీద కూడా ఉంటుంది. మనుషులను ఎక్కువగా మోకాళ్ళ కింద, చీలమండల దగ్గర కుడుతుంది. రెండు మూడు దద్దుర్లు పక్కపక్కనే వస్తాయి.

ఇంట్లో ఉన్నట్టు ఎలా తెలుసుకోవాలి?

పేల దువ్వెనతో పిల్లి మెడ, నడుము, తోక మొదలు దగ్గర దువ్వండి. రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్లగుడ్డ మీద వేయండి. నలుసు చుట్టూ ఎర్రటి మరక వస్తే అది మట్టి కాదు, పురుగు విసర్జించిన రక్తం. ఇంట్లో పురుగులు ఉన్నాయన్న మాటే.

ఎందుకు త్వరగా పోవు?

చాలామంది పిల్లి మీద కనిపించే పురుగులనే చూస్తారు. నిజానికి మొత్తంలో అవి కొద్ది భాగం మాత్రమే. ఒక ఆడ పురుగు రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, రోజుకు 40 వరకు పెట్టగలదు. గుడ్లు నున్నగా ఉండి పిల్లి పడుకున్న చోటల్లా రాలిపోతాయి. చాపలు, బొంతలు, గోనె సంచులు, గచ్చు పగుళ్ళు, అటక మీది పాతగుడ్డలు వాటికి నిలయాలు. గుడ్డు నుంచి వచ్చే పిల్లపురుగు వెలుతురుకు దూరంగా, దుమ్ములో బతుకుతుంది. పెద్ద పురుగులు విసర్జించిన ఎండు రక్తమే దానికి ఆహారం. తేమ ఉంటేనే బతుకుతుంది, మండుటెండలో చచ్చిపోతుంది. అందుకే ఈ బాధ వానాకాలంలో ఎక్కువ.

తరువాత అది గూడు అల్లుకుని అందులో నిద్రపోతుంది. ఆ గూటిలోకి మందు సరిగా చేరదు. పురుగు లోపలే కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఆగగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి గాలి తగలగానే బయటికి దూకుతుంది. మీలో కొందరు రోగితో పది పదిహేను రోజులు ఇక్కడ ఉండి ఇంటికి వెళ్తారు. తాళం తీసి లోపల అడుగు పెట్టగానే కాళ్ళ మీదికి పురుగులు ఎగబడితే కారణం ఇదే. ఆపరేషను అయినవారిని, బాలింతను, పసిబిడ్డను తీసుకువెళ్ళే ముందు ఒకరు వెళ్ళి ఇల్లు శుభ్రం చేయడం మంచిది.

పిల్లిని వదిలేస్తే పోతాయా?

పోవు. పిల్లి లేకపోతే గూళ్ళలోంచి వచ్చిన పురుగులు మనుషులనే కుడతాయి. పిల్లికి, ఇంటికి ఒకే రోజున వైద్యం మొదలుపెట్టాలి.

పిల్లికి ఏమి చేయాలి?

1. రోజూ పేల దువ్వెనతో దువ్వి, పురుగులను సబ్బునీళ్ళ గిన్నెలో వేయండి. గోళ్ళతో నలపకండి.

2. పశువుల డాక్టరుకు చూపించి, పిల్లి బరువును బట్టి మెడ వెనుక వేసే చుక్కల మందు తీసుకోండి. సాధారణంగా నెలకొకసారి, కనీసం మూడు నెలలు వేయాలి. ఇంట్లో ఉన్న పిల్లులు, కుక్కలు అన్నిటికీ ఒకే రోజున మందు పడాలి. చిన్న కూనలకు డాక్టరు చెప్పనిదే ఏ మందూ వేయవద్దు.

3. కుక్కల మందు, పశువుల గోమార్ల మందు పిల్లికి వాడకండి. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి పిల్లికి విషం. చొంగ కార్చడం, వణుకు, ఫిట్లు వచ్చి చనిపోవచ్చు. ఫినాయిలు, కిరసనాయిలు కూడా పూయకూడదు.

4. దువ్వేటప్పుడు పిల్లి కరిచినా, రక్కినా, గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వచ్చి రేబిస్ టీకా గురించి అడగండి.

ఇంటికి ఏమి చేయాలి?

1. పక్కబట్టలు, పిల్లి పడుకునే గుడ్డలు బాగా మరిగిన నీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరవేయండి. వారానికొకసారి ఇలా చేయండి. ఉతకలేని బొంతలు, పరుపులు దులిపి, రెండు వైపులా మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలేలా వేయండి.

2. మంచాలు, బీరువాలు, బస్తాలు జరిపి మూలమూలలా రోజూ ఊడవండి. ఆ దుమ్మును గుమ్మం పక్కన పోయకుండా, సంచిలో వేసి మూతి కట్టి ఇంటికి దూరంగా పారవేయండి.

3. గచ్చును సబ్బునీళ్ళతో కడిగి, తలుపులు తెరిచి పూర్తిగా ఆరనివ్వండి. పగుళ్ళను సిమెంటుతో పూడ్చండి. మట్టినేల అయితే పైదుమ్ము తీసి పొడిగా ఉంచండి.

4. పొలానికి కొట్టే మందును ఇంట్లో ఎప్పుడూ కొట్టకండి. నేల మీద పాకే బిడ్డ ఆ మందును చేతులతో తాకి నోట్లో పెట్టుకుంటుంది. పురుగు కంటె ఈ మందు వల్లనే ఎక్కువ ప్రమాదం. మందు తప్పనిసరి అయితే ఇళ్ళలో వాడడానికి తయారుచేసినదే తీసుకుని, డబ్బా మీద రాసినట్టు వాడండి. పిల్లలను, పిల్లిని, తిండిని, నీళ్ళను ముందే బయటికి తరలించి, పూర్తిగా ఆరాకే లోపలికి రండి.

రెండో, మూడో వారంలో మళ్ళీ పురుగులు కనిపిస్తే నిరాశపడకండి. అవి పాత గూళ్ళలోంచి వచ్చినవి. పని ఆపకుండా రెండు మూడు నెలలు చేస్తే తగ్గిపోతాయి.

కుట్టిన చోట ఏమి చేయాలి?

సబ్బునీళ్ళతో కడిగి, చల్లని తడిగుడ్డ వేయండి. దురదకు కాలమిన్ లోషన్ రాయవచ్చు. పిల్లల గోళ్ళు కత్తిరించండి. సున్నం, బూడిద, కిరసనాయిలు పూయకండి.

కింది లక్షణాలు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి:

- పుండులో చీము పట్టడం, చుట్టూ ఎర్రగా వాయడం
- ముఖం ఉబ్బడం, మూత్రం తగ్గడం లేదా ముదురు రంగులో రావడం
- జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు
- పిల్లి రక్కిన తరువాత చంకలో గాని మెడ దగ్గర గాని బిళ్ళ కట్టడం
- బిడ్డ విరేచనంలో దోసగింజల వంటి తెల్లటి ముక్కలు కనిపించడం. పురుగు పొరపాటున నోట్లోకి వెళ్తే ఒక రకం బద్దెపురుగు వస్తుంది, దీనికి మందు ఉంది.

జ్వరంతో వచ్చినప్పుడు "మా ఇంట్లో పిల్లి ఉంది, పురుగులు కుడుతున్నాయి" అని తప్పక చెప్పండి. డాక్టరుగారికి ఆ ఒక్క మాట ఎంతో సహాయం. అలాగే ఇంట్లో ఎలుకలు ఉన్నట్టుండి చచ్చి పడుతుంటే చేతులతో ముట్టుకోకుండా ఆరోగ్య కార్యకర్తకు తెలపండి. ప్లేగు వ్యాధిని మోసేది ఎలుకల మీది ఇటువంటి పురుగే.

చివరిగా ఒక మాట. ఆ బాబు మూడు వారాలకు కోలుకున్నాడు. డిశ్చార్జి రోజున ఈ విషయాలన్నీ తల్లికి రాసి ఇచ్చాను. మూడు నెలల తరువాత పరీక్షకు వచ్చినప్పుడు మూత్రం మామూలుగా ఉంది, కాళ్ళ మీద కొత్త మచ్చ ఒక్కటీ లేదు. పిల్లి ఏమైందని అడిగాను. "ఇంట్లోనే ఉంది సిస్టర్. వడ్ల బస్తాలకు కాపలా అదే కదా" అంది. ఆదివారం ఆదివారం పక్కబట్టలు మరిగించడం మాత్రం మానలేదట.