ఆగిన బండి - ఆగని ప్రమాదం

బండి కదులుతుంటేనే ప్రమాదమని మనలో చాలామంది అభిప్రాయం. కాని హైవే మీద చెడిపోయి నిలిచిన బండి అంతకంటె ప్రమాదకరం. టైరు పేలినా ప్రాణాలతో బయటపడి, ఆ టైరే మారుస్తూ వెనకనుంచి వచ్చిన లారీకి బలైనవారి వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఈ రెండో దెబ్బ ఎందుకు తగులుతుంది? మన ఇంటర్మీడియట్ ఫిజిక్సుతోనే జవాబు చెప్పుకోవచ్చు.

హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద ఒక కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అనగా సెకనుకు సుమారు 22 మీటర్లు. ఎదుట ఉన్నది ఆగిన బండి అని గ్రహించి, డ్రైవరు బ్రేకు తొక్కేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, ఈలోగా కారు 33 మీటర్లు వచ్చేస్తుంది. పొడి రోడ్డు మీద వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకున్నా, ఆగడానికి మరో 35 మీటర్లు కావాలి. మొత్తం 68 మీటర్లు! వేగం రెట్టింపయితే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది. లోడు లారీకి, తడిసిన రోడ్డుకు, నిద్రమత్తులో ఉన్న డ్రైవరుకు ఈ లెక్క కూడా చాలదు.

ఇక చూడండి, బండి వెనక పదడుగుల్లో పెట్టిన రాయి, వేపకొమ్మ ఎవరిని కాపాడతాయి? కనుక చేయవలసినవి ఇవి.

ఒకటి: బండి కదిలే స్థితిలో ఉంటే రోడ్డు ఎడమ అంచు దాటించి ఆపాలి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే స్విచ్ వేయాలి.

రెండు: అందరూ రోడ్డువైపు కాక ఎడమ తలుపు గుండా దిగాలి. రెయిలింగు ఉంటే దాని అవతలికి వెళ్ళాలి. బండి నీడన కూర్చోవడం, బండి వెనక నిలబడి ఫోను మాట్లాడటం ప్రాణాంతకం.

మూడు: డిక్కీలోని ఎర్ర త్రికోణాన్ని వెనక 100 మీటర్ల దూరాన, అంటే సుమారు 130 అంగల దూరాన పెట్టాలి. మలుపుంటే మలుపుకు ముందే పెట్టాలి. వెళ్ళేటప్పుడు అంచునే, వచ్చే బండ్లను చూస్తూ నడవాలి.

నాలుగు: జాతీయ రహదారి మీద సహాయానికి 1033కి, ఎవరికైనా గాయాలైతే 108కి లేదా 112కి ఫోన్ చేయాలి. కిలోమీటరు రాయి మీది అంకె చెబితే మనిషి త్వరగా వస్తాడు. రోడ్డువైపు టైరు మార్చే సాహసం మాత్రం వద్దు.

గాయపడినవారిని చూస్తే, "మనకెందుకు, పోలీసులు, కోర్టులు" అని తప్పుకుపోవడం మన అలవాటు. ఆ భయానికిప్పుడు ఆధారం లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పించింది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టరాదు. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మంటలవంటి ముప్పు ఉంటే తప్ప మనిషిని లాగవద్దు. నీళ్ళు తాగించవద్దు.

చివరిగా ఒక్కమాట. బండి బాగయ్యాక, పెట్టిన రాళ్ళను అక్కడే వదిలేసి పోయేవారున్నారు. ఆ రాత్రి ఆ దారినే స్కూటరు మీద వచ్చేవాడు మన క్లాసుమేటే కావచ్చు. ఆ రాయి తీశాకే మన ప్రయాణం మళ్ళీ మొదలు కావాలి.