గుడి బండ మీద మన పాదానికి ఏమేం తెలుస్తాయి?

శబ్ద, స్పర్శ, రూప, రస, గంధాలు అని చిన్నప్పుడే నేర్చుకున్నాం. అందులో "స్పర్శ" ఒక్క మాటే, చర్మం కూడా ఒక్క ఇంద్రియమే. కానీ లోపల వైరింగ్ చూస్తే (ఇంజనీర్ బుద్ధి, ఏం చేస్తాం) అది ఒక్కటి కాదు. తాకిడి, నొప్పి, వేడి-చల్లదనం, ఒంటి భంగిమ... వీటికి సెన్సార్లు వేరు, లైన్లు వేరు.

గడపకి కాలి బొటనవేలు కొట్టుకున్నప్పుడు గమనించండి. తగిలిందని వెంటనే తెలుస్తుంది, చురుక్కుమంటుంది. అసలు సలుపు మాత్రం కాస్త ఆగి వస్తుంది. తాకిడి కబురు మోసే నరాల పోగులు లావుగా ఉంటాయి, పైన మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. వాటి వేగం సెకనుకి 35 నుంచి 75 మీటర్లు. సలుపుని మోసే సన్న పోగులకి ఆ తొడుగు లేదు. సెకనుకి 2 మీటర్లు కూడా దాటవు, మనం నడిచే స్పీడే. పాదం నుంచి వెన్నుపాము దాకా దాదాపు మీటరు దూరం కదా, అందుకే ఆ ఆలస్యం.

వేడి సంగతి ఇంకా బాగుంటుంది. చర్మంలోని నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకునే చిన్న గేటు అనుకోండి. మిరపకాయలోని క్యాప్సైసిన్ కూడా ఆ గేటునే తెరుస్తుంది. నిప్పుకీ పచ్చిమిరపకాయకీ మనవాళ్ళు "మంట" అని ఒకే మాట వాడారు చూడండి, కరెక్టే! దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి, ఒత్తిడిని పసిగట్టే పీజో ప్రోటీన్లని కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కి కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు.

ఇక భంగిమ. కళ్ళు మూసుకుని చూపుడువేలితో ముక్కు కొస ముట్టుకోండి. చెయ్యి ఎక్కడుందో చూడకుండానే తెలిసింది కదా? కండరాల్లో, కీళ్ళ దగ్గర ఉన్న సెన్సార్లు ఆ లెక్క పంపుతూనే ఉంటాయి. ఆత్మప్రదక్షిణ చేసేటప్పుడు పడిపోకుండా నిలబెట్టేది లోపలి చెవితో పాటు ఇదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఇళ్ళల్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఉన్నారు. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి కాలివేళ్ళ దగ్గర మొదలై, సాక్సు వేసుకున్నంత మేర పైకి పాకుతుంది. కొందరికి తిమ్మిర్లు, మంటలు. కొందరికి ఏమీ ఉండదు, అదే ప్రమాదం. ఎండాకాలం మధ్యాహ్నం గుడి ప్రాకారంలో బండ 43 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. మనం రెండడుగులకే గెంతుతాం. నాన్నగారు మాత్రం ప్రశాంతంగా 11 ప్రదక్షిణలు పూర్తి చేస్తారు. అది భక్తో, పాదానికి కబురు అందకపోవడమో బయటికి తేడా కనిపించదు. ఇంటికొచ్చాక అరికాలు బొబ్బలు చూసి తెలుస్తుంది. ఆ పుండు మానకపోతే వేలు, ఒక్కోసారి పాదమే తీసేయాల్సి వస్తుంది.

భంగిమ లైన్ పోతే ఇంకో గుర్తు. కళ్ళు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలుతారు, చీకట్లో తడబడతారు. "వయసైపోయింది" అని వదిలేయకండి.

డాక్టర్ దగ్గర టెస్టు చాలా సింపుల్. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుని అరికాలికి ఆనిస్తారు, 128 హెర్ట్జ్ శృతిదండం వేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. నొప్పి లేదు, సూది లేదు. షుగర్ ఉన్నవాళ్ళకి ఏడాదికి ఒకసారైనా చేయించాలి.

ఈలోపు ప్రదక్షిణ పొద్దున్నే, ఎండెక్కకముందే పెట్టుకోండి. ఎండలో తప్పకపోతే తెల్ల పెయింట్ గీత మీదో పట్టా మీదో నడిపించండి. కాళ్ళకి కాపడం పెట్టే వేడినీళ్ళు వాళ్ళ పాదంతో కాదు, మీ మోచేత్తో చూడండి. రాత్రి పడుకునేముందు ఒకసారి అమ్మ, నాన్నల అరికాళ్ళూ వేళ్ళ సందులూ చూడండి. వద్దంటారు, మొహమాటపడతారు. అయినా చూడండి.